వానొస్తే మిస్సింగ్ కొడుతున్న వ్యాగన్ఆర్: మూడు కాయిల్స్ మార్చేయమంటున్నారు, మార్చెయ్యనా?

కోనసీమ_వ్యాగన్
అందరికీ నమస్కారం. మాది అమలాపురం. బండి 2014 వ్యాగన్ఆర్, కే10 ఇంజన్, పెట్రోలు, 82 వేలు తిరిగింది. పది రోజులుగా ఒకటే గోల. పొద్దున్నే సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంటుంది. కానీ నిలబెట్టి ఉంచితే స్టీరింగు, సీటు అన్నీ వణుకుతాయి. రెండో గేరులో వంతెన ఎక్కేటప్పుడు ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగినట్టు జెర్కులు. ఎండ కాస్తే కొంచెం నయం. వాన పడిన పొద్దున మాత్రం నరకం. ఇంజన్ లైటు పసుపు రంగులో వెలుగుతోంది, రావులపాలెం వెళ్ళేటప్పుడు ఒకసారి టపటపా కొట్టుకుంది కూడా.

మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే బోనెట్ ఎత్తి ఓ నిమిషం చూసి, "మూడు కాయిల్స్, మూడు ప్లగ్గులు మార్చేద్దాం, తొమ్మిదిన్నర వేలవుతుంది" అన్నాడు. ఏది పోయిందో చూసి చెప్పమంటే "ఒకటి పోయిందంటే మిగతావీ పోతాయి" అంటాడు. నాకు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చు, అంతకు మించి రాదు. ఇంట్లోనే ఏమన్నా చూసుకోవచ్చా? లేక డబ్బులు పోసేయడమేనా?

సర్వీస్_వద్దుబాబోయ్
మార్చొద్దు. తొమ్మిదిన్నర వేలా! ప్లగ్గులు తీసి పెట్రోల్లో ముంచి వైరు బ్రష్షుతో తోమి మళ్ళీ బిగించు. నేను ఐదు వేల కిలోమీటర్లకోసారి అదే చేస్తా. పైసా ఖర్చు లేదు.

గ్రీజుచేతులు
ముందు ఒక మాట. ఇంజన్ లైటు వెలిగి ఊరుకుంటే ఒక సంగతి, టపటపా కొట్టుకుంటే ఇంకో సంగతి. కొట్టుకోవడమంటే మిస్సింగ్, అంటే సిలిండర్లో పెట్రోలు సరిగా అంటుకోకపోవడం, గట్టిగా ఉందని అర్థం. కాలని పెట్రోలు నేరుగా సైలెన్సర్ లైన్లో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ కాలుతుంది. దాంతో లోపలి సిరామిక్ కరిగిపోతుంది. అది పోతే నీ తొమ్మిదిన్నర వేలు చిల్లర కింద లెక్క. అలా కొట్టుకుంటుంటే ఆక్సిలేటర్ తగ్గించు, వీలైతే పక్కకు ఆపు. ఈ బండితో ఇప్పుడు హైవే ఎక్కకు.

ఇక అసలు విషయం. మీ ఇంజన్‌కి మూడు సిలిండర్లు, మూడు ప్లగ్గులు, ఒక్కో ప్లగ్గు నెత్తి మీద దానికి కరెంటిచ్చే ఒక్కో కాయిల్. మధ్యలో వైర్లు లేవు, ప్లగ్గులకి కరెంటు పంచే డెల్కో (డిస్ట్రిబ్యూటర్) లేదు. దీనంత తేలిగ్గా ఇంట్లో పట్టుకోగలిగే సిస్టమ్ ఇంకోటి లేదు. ఎందుకంటే ఒకేలాంటివి మూడున్నాయి కాబట్టి అటూ ఇటూ మార్చి చూడొచ్చు. కొనక్కర్లేదు, మార్చి చూడు.

బండి కంప్యూటర్లోని లోపాల కోడ్లు చదివే ఓబీడీ బ్లూటూత్ ముక్క ఒకటి కొను, ఐదారు వందల్లో దొరుకుతుంది. 2013 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లకి ఆ సాకెట్ స్టీరింగ్ కింద ఉంటుంది. ఫోన్లో యాప్ పెట్టి కోడు చదివి ఇక్కడ రాయి. పి0301, పి0302, పి0303 అని వస్తే చివరి అంకె సిలిండర్ నంబరు. పి0300 వస్తే ఏ ఒక్కదానిదో తేల్చి చెప్పలేక గుంపు మీద వేసిందన్నమాట.

మల్టీమీటరమ్మ
పైన వైరు బ్రష్షు సలహా ఇచ్చినాయనకి: అన్నా, మీ బండికి పాత నికెల్ ప్లగ్గులైతే మీ ఇష్టం. ఇరిడియం ప్లగ్గుకి మాత్రం బ్రష్షు తగిలించకండి. దాని మధ్య ముల్లు 0.6 మిల్లీమీటర్ల మందం, పెన్సిల్ లెడ్డంత. బ్రష్షుతో తోమితే గ్యాప్ మారుతుంది, లేదా ముల్లే విరుగుతుంది. నికెల్ ప్లగ్గులకైనా బ్రష్షు తీగల లోహం పింగాణీ మీద గీతలా అంటుకుని కరెంటుకి దారి చూపిస్తుంది. ప్లగ్గు కొత్తది వచ్చే ధరకి ఈ తోమడం ఎందుకో నాకెప్పుడూ అర్థం కాదు.

సర్వీస్_వద్దుబాబోయ్
పదిహేనేళ్ళుగా తోముతున్నా అక్కా. మా ఆల్టో ఇంకా తిరుగుతోంది.

మల్టీమీటరమ్మ
తిరుగుతుంది, కాదనట్లేదు. ఎంత పెట్రోలు తాగుతోందో కూడా ఒకసారి చూడండి 🙂

కోనసీమ_వ్యాగన్
ఓబీడీ ముక్క మా బావమరిది దగ్గర ఉంటే తెచ్చా. పి0302 ఒక్కటే వచ్చింది. అంటే రెండో సిలిండర్ కదా? ఇంకో సంగతి చెప్పడం మర్చిపోయా. మూడు వారాల క్రితం బండి వాటర్ సర్వీసింగ్‌కి ఇస్తే, చెప్పకుండా ఇంజన్ మీద కూడా ప్రెషర్ పంపుతో నీళ్ళు కొట్టారు. దానివల్లేనంటారా?

డల్లాస్_తమ్ముడు
నీళ్ళే బ్రదర్, నూటికి నూరుపాళ్ళు. ప్లగ్గు గుంటలో నీళ్ళు నిలిస్తే ఇదే జరుగుతుంది. నా క్యామ్రీకి ఒకసారి అయింది. కాయిల్ పైకి లాగితే గుంటలో గుక్కెడు నీళ్ళు. హెయిర్ డ్రయ్యర్ పెట్టి ఆరబెట్టా, సెట్టయిపోయింది. కాయిల్ రబ్బరు అంచుకి డైఎలెక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారని గ్రీజు) రాస్తే మళ్ళీ నీళ్ళు దిగవు.

గ్రీజుచేతులు
నీళ్ళు కావచ్చు, కాకపోవచ్చు. మూడు వారాలు వేడి ఇంజన్ మీద నీళ్ళు నిలిచి ఉంటాయా? అదీగాక నీళ్ళు కొట్టింది మూడు వారాల క్రితం, మిస్సింగ్ మొదలైంది పది రోజుల క్రితం. తీసి చూస్తేగానీ చెప్పలేం. కోనసీమ తమ్ముడూ, ఇలా చెయ్యి.

రాత్రంతా చల్లారిన ఇంజన్ మీద, బండి తాళంచెవి తీసేసి, పని మొదలుపెట్టు. అల్యూమినియం హెడ్ వేడిగా ఉన్నప్పుడు ప్లగ్గు విప్పితే మర కూడా ఊడొస్తుంది. పైన అడ్డొచ్చే ఎయిర్ ఫిల్టర్ డబ్బా పక్కకు జరుపు. ఒక్కో కాయిల్‌కి ఒక కనెక్టరు, ఒక పది నంబరు బోల్టు ఉంటాయి. పదేళ్ళ వేడికి కనెక్టరు లాక్ బిస్కెట్‌లా పెళుసుగా ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో పొడవకు, బొటనవేలితో నొక్కి పట్టుకుని వెనక్కి లాగు. కాయిల్‌ని అటూ ఇటూ కాస్త తిప్పుతూ పైకి తియ్యి. తీసిన బోల్టులు ముందే ఒక గిన్నెలో వెయ్యి. అవి ఇంజన్ కిందకి జారితే ఆ రోజంతా పని అదే.

ఇప్పుడు రెండో కాయిల్ ఒకటో దానిలో, ఒకటోది రెండో దానిలో. ప్లగ్గులు ముట్టుకోకు. కోడు చెరిపేసి, ఊళ్ళోనే ఒక చుట్టు తిరిగి మళ్ళీ చదువు. కోడు పి0301కి మారితే కాయిల్ దోషం, ఆ ఒక్కటి కొనుక్కో. పి0302 దగ్గరే కూర్చుంటే కాయిల్ మంచిదే, అప్పుడు ప్లగ్గు సంగతి చూద్దాం. ఒక్కసారికి ఒక్క వస్తువే మార్చు. రెండూ ఒకేసారి మారిస్తే ఏది దొంగో తెలియదు.

సర్వీస్_వద్దుబాబోయ్
ఇంత దేనికి? కాయిల్ తీసి ప్లగ్గు తగిలించి బాడీకి ఆనించి సెల్ఫ్ కొడితే నిప్పురవ్వ కనిపిస్తుందిగా. నీలం రంగైతే మంచిది, ఎర్రగా వస్తే పోయినట్టు. లేదా ఇంజన్ ఆన్‌లో ఉండగా ఒక్కో కాయిల్ పీకి చూడు, దేన్ని పీకితే తేడా రాదో అదే పోయింది.

గ్రీజుచేతులు
దయచేసి ఈ పని ఎవరూ చెయ్యొద్దు. పాత ఫియట్ మీద చేశాం, నిజమే, మోచేతి దాకా షాక్ కొట్టించుకున్నాం కూడా. ఇప్పటి కాయిల్ ముప్పై వేల వోల్టుల పైన కొడుతుంది. దానికి ప్లగ్గు, బాడీ దారి దొరకకపోతే లోపలే పగిలి, మంచి కాయిల్ కూడా చస్తుంది. పైగా తెరిచిన ప్లగ్గు గుంటలోంచి పెట్రోలు ఆవిరి బయటికి చిమ్ముతుంటే పక్కనే నిప్పురవ్వ పెట్టడమేంటి? విజయవాడ ఆటోనగర్‌లో ఇలా కనుబొమ్మలు కాల్చుకున్న కుర్రాణ్ణి కళ్ళారా చూశా.

పద్మిని_ప్రియుడు
ఈ చర్చ చూస్తుంటే పాత రోజులు గుర్తొస్తున్నాయి. నా దగ్గర ఇప్పటికీ 1989 ప్రీమియర్ పద్మిని ఉంది, 1089 సీసీ. ఆదివారం దాని డెల్కో మూత తీయకపోతే నాకు తోచదు. మా నాన్నగారు సీబీ పాయింట్ (డెల్కోలో కరెంటుని కలిపి విడదీసే ముక్క) గ్యాప్‌ని పోస్టుకార్డు మడిచి పెట్టి సరిచేసేవారు. రెండు మడతలు దూరితే సరి, మూడో మడత దూరకూడదు. తర్వాత నేను ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పలుచని రేకులు) కొని కొలిస్తే 0.4 మిల్లీమీటర్ల దగ్గరకి వచ్చింది. ఆయన లెక్క తప్పలేదు!

చిన్న సందేహం. మనవాళ్ళందరూ డిస్ట్రిబ్యూటర్‌ని డెల్కో అని ఎందుకంటారు?

మల్టీమీటరమ్మ
మాస్టారూ, అది కంపెనీ పేరు. అమెరికాలో డేటన్ ఊళ్ళో 1909లో చార్లెస్ కెటరింగ్, ఆయన స్నేహితులు పెట్టిన డేటన్ ఇంజనీరింగ్ లాబొరేటరీస్ కంపెనీ. పొడి అక్షరాలు కలిపితే డెల్కో. బ్యాటరీ, కాయిల్, పాయింట్లతో ప్లగ్గుకి కరెంటిచ్చే పద్ధతిని కార్లలో నిలబెట్టింది వాళ్ళే. మనకి జిరాక్స్ ఎలాగో మెకానిక్కులకి డెల్కో అలాగ.

మీ పద్మినిలో పాయింట్లు త్వరగా నల్లబడుతుంటే ముందు కండెన్సర్ మార్చి చూడండి. పాయింట్లు విడిపోయేటప్పుడు వాటి మధ్య రవ్వ రేగకుండా ఆపేది అదే. అది నీరసపడితే పాయింట్లు కాలతాయి, కాయిల్ నుంచి వచ్చే కరెంటూ పలచబడుతుంది. చాలామంది పాయింట్లు గీకి గీకి అరగదీస్తారుగానీ కండెన్సర్ జోలికి పోరు.

పద్మిని_ప్రియుడు
నాకు సరిగ్గా అదే జరిగిందమ్మా! మూడు సెట్ల పాయింట్లు మార్చాక బుద్ధొచ్చింది. ఇంకో కిటుకు కూడా చెప్తా, వైర్లున్న పాత బండ్లకి పనికొస్తుంది. వానాకాలం మిస్సింగ్ కొడితే రాత్రి చీకట్లో బోనెట్ ఎత్తి, ఇంజన్ ఆన్ చేసి, దూరం నుంచి మొక్కలకి నీళ్ళు కొట్టే స్ప్రే బుడ్డితో హెచ్‌టి వైర్ల (ప్లగ్గులకి కరెంటు తీసుకెళ్ళే లావు వైర్లు) మీద మంచులా కొట్టండి. వైరు ఎక్కడ చిట్లిందో అక్కడ నీలం రంగు చీమలు పాకినట్టు కనిపిస్తాయి. చేతులు మాత్రం దూరం. మా మనవడికి చూపిస్తే దీపావళి అన్నాడు.

కోనసీమ_వ్యాగన్
అన్నా, చేశా! ఒకటి, రెండు కాయిల్స్ మార్చి ఈదరపల్లి వంతెన దాకా వెళ్ళొచ్చా. మళ్ళీ పి0302నే. అంటే కాయిల్ మంచిదేనన్నమాట. మూడు కాయిల్స్ మార్చి ఉంటే ఏమయ్యేది! ఇంకోటి, రెండో కాయిల్ లాగినప్పుడు దాని రబ్బరు గొట్టం చివర జిడ్డుగా ఉంది. నీళ్ళు చుక్క కూడా లేవు. ఫోన్ టార్చి వేసి గుంటలోకి చూస్తే అడుగున నల్లగా మెరుస్తోంది. ఇంజన్ ఆయిలేనా అది?

గ్రీజుచేతులు
దొరికాడు దొంగ, సగం. అది ఆయిలే. టాపెట్ కవర్ (ఇంజన్ పై మూత) కింద, ప్లగ్గు గొట్టాల చుట్టూ రబ్బరు సీళ్ళుంటాయి. పదేళ్ళకి గట్టిపడి ఆయిల్ని గుంటలోకి వదుల్తాయి. ఇక రెండో ప్లగ్గు తియ్యి. కానీ విప్పే ముందు గుంటలో ఉన్న ఆయిల్ని పాత గుడ్డ కర్రకి చుట్టి పీల్చేసి, గాలి కొట్టి శుభ్రం చెయ్యి. సైకిల్ పంపైనా చాలు, కళ్ళద్దాలు పెట్టుకో. లేకపోతే ప్లగ్గు ఊడగానే ఆ ఇసుకా, ఆయిలూ సిలిండర్లోకి జారతాయి.

మీ బండికి 16 నంబరు ప్లగ్గు సాకెట్, లోపల రబ్బరుండాలి. నిటారుగా పెట్టి తిప్పు. వంకరగా పెట్టి బలం పెడితే పింగాణీ చిట్లుతుంది. ఆ చిట్లు అంత తేలిగ్గా కంటికి కనపడదు.

కోనసీమ_వ్యాగన్
ప్లగ్గు తీశా. కొన దగ్గర తడిగా, నల్లగా ఉంది, పెట్రోలు వాసన. ఒకటో నంబరుది కూడా తీసి చూశా, అది లేత ఇటుక రంగులో పొడిగా ఉంది. రెండోదాని తెల్ల పింగాణీ మీద, పై నుంచి కింది నట్టు దాకా జుట్టు వెంట్రుకంత సన్నగా నల్ల గీత. గుడ్డతో తుడిస్తే పోలేదు, గోటితో గీకితే పోలేదు. భూతద్దం పెట్టి చూస్తే మెరుపు కొట్టినట్టు వంకరటింకరగా ఉంది. ఇదేనా?

మల్టీమీటరమ్మ
ఇదే! అది కార్బన్ దారి. కరెంటు ప్లగ్గు కొన దాకా వెళ్ళి గ్యాప్ దూకాల్సింది. కానీ లోపల కుదించిన గాలి మధ్య దూకడం కష్టం, బయట పింగాణీ మీదుగా ఇంజన్ బాడీకి జారిపోవడం తేలిక. ఒకసారి జారితే గీత పడుతుంది, గీత పడితే మళ్ళీ అదే దారి. తేమ ఉంటే ఇంకా సులువు. వాన పొద్దుల్లో ఎక్కువవడానికి, వంతెన ఎక్కేటప్పుడు జెర్కులు రావడానికి కారణం అదే. లోడు పడితే సిలిండర్లో ఒత్తిడి పెరుగుతుంది, గ్యాప్ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, అంత వోల్టేజీ వచ్చేసరికి పక్కదారి పడుతుంది.

రెండో కాయిల్ రబ్బరు గొట్టం లోపల కూడా టార్చి వేసి చూడండి. అలాంటి గీతే ఉంటే కొత్త ప్లగ్గుని కూడా అది పాడు చేస్తుంది.

కోనసీమ_వ్యాగన్
చూశానక్కా. గీత లేదు కానీ రబ్బరు ఉబ్బి, మెత్తగా, జిగటగా ఉంది. మిగతా రెండూ గట్టిగా ఉన్నాయి.

గ్రీజుచేతులు
ఆయిల్ తాగిన రబ్బరు అంతే. బూటు (ఆ రబ్బరు గొట్టం) విడిగా దొరికితే అది ఒక్కటి మార్చు, దొరక్కపోతే అప్పుడు ఆ ఒక్క కాయిల్ సంగతి ఆలోచిద్దాం. ప్లగ్గులు మాత్రం మూడూ మార్చెయ్. 82 వేలకి ఎప్పుడు మార్చారో నీకే తెలీదు. మామూలు నికెల్ ప్లగ్గులు ముప్పై, నలభై వేలకే అరిగిపోతాయి. పాత డబ్బా మీద, మాన్యువల్లో ఉన్న నంబరే అడుగు. "దీనికి ఇదీ పడుతుందండీ" అంటే వద్దను. రోడ్డు పక్క షాపుల్లో నకిలీ ప్లగ్గులు ఎక్కువ, బిల్లిచ్చే చోట కొను. గ్యాప్ కొలుచుకో, మీ ఇంజన్‌కి ఒక మిల్లీమీటరు అటూ ఇటూగా ఉంటుంది, అంకె మాన్యువల్లో చూడు. డబ్బాలోంచి తీసేటప్పుడు కింద పడిన ప్లగ్గు వాడకు, చూడ్డానికి ఎంత బాగున్నా సరే.

బిగించేటప్పుడు సాకెట్‌కి రించి తగిలించకుండా వేళ్ళతోనే మొదలుపెట్టు. వేళ్ళతో రెండు మూడు చుట్లు హాయిగా తిరగాలి. బిగుతుగా అనిపిస్తే మర పక్కదారి పట్టింది, వెనక్కి తిప్పి మళ్ళీ మొదలుపెట్టు. వేళ్ళకి ఆగాక, కొత్త వాషరున్న ప్లగ్గైతే రించితో ఇంకో అర చుట్టు, మహా అయితే మూడింట రెండు వంతుల చుట్టు. పాత ప్లగ్గే మళ్ళీ వేస్తే ఆ వాషర్ అప్పటికే అణిగి ఉంటుంది, పన్నెండో వంతు చుట్టు చాలు. మనవాళ్ళు "ఇంకొంచెం గట్టిగా" అని వేలాడతారు. హెడ్‌లో మరలు పోతే ఏడుపే.

డల్లాస్_తమ్ముడు
నేను నీళ్ళు నీళ్ళు అని గోల చేశా, సారీ 😅 అన్నా, మరలకి యాంటీసీజ్ (మరలు పట్టేయకుండా రాసే గ్రీజు) రాయొచ్చా? ఇక్కడ అందరూ రాస్తారు.

గ్రీజుచేతులు
పూత ఉన్న కొత్త ప్లగ్గులకి అక్కర్లేదు తమ్ముడూ. రాస్తే మర జారుడుగా ఉండి, అదే చేతి బలానికి ఎక్కువ బిగుసుకుంటుంది. మీ ఇరిడియంలు 1,20,000 మైళ్ళకి గానీ మార్చరు కాబట్టి అక్కడ భయపడి రాస్తారేమో. నేను రాయను.

సర్వీస్_వద్దుబాబోయ్
మా ఆల్టోకి సీఎన్‌జీ పెట్టించా. గ్యాస్ మీద నడిపితే జెర్కు, పెట్రోలు మీద బాగానే ఉంది. కిట్ వాడు మోసం చేశాడనుకుంటున్నా. ఏమంటారు?

మల్టీమీటరమ్మ
కిట్టు వాడి మీద పడే ముందు ప్లగ్గులు చూడండి. గ్యాస్‌ని వెలిగించడానికి పెట్రోలు కంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. గ్యాప్ పెరిగిన ప్లగ్గు, నీరసపడ్డ కాయిల్ పెట్రోలు మీద నెట్టుకొస్తాయి, గ్యాస్ మీద దొరికిపోతాయి. పదిహేనేళ్ళుగా తోమిన ప్లగ్గుల గ్యాప్ ఎంతుందో కొలిచారా?

సర్వీస్_వద్దుబాబోయ్
...ఫీలర్ గేజ్ ఎక్కడ దొరుకుతుందక్కా?

నల్గొండ_స్విఫ్ట్
నమస్తే. నాది స్విఫ్ట్ డీజిల్. చలికాలం స్టార్టింగ్ ట్రబుల్ ఉంది. నేను కూడా ప్లగ్గులు, కాయిల్స్ ఇలాగే మార్చి చూడొచ్చా?

గ్రీజుచేతులు
మీ డీజిల్‌కి నిప్పురవ్వ ప్లగ్గులూ లేవు, కాయిల్సూ లేవండి. గాలిని కుదించిన వేడికే డీజిల్ అంటుకుంటుంది. మీకుండేవి గ్లో ప్లగ్గులు, చలిలో ముందుగా వేడెక్కేవి. బ్యాటరీ, గ్లో ప్లగ్గులు చూపించండి. కొత్త దారం (థ్రెడ్) మొదలుపెట్టండి, ఇది కోనసీమ తమ్ముడిది.

కోనసీమ_వ్యాగన్
ఆలస్యానికి క్షమించాలి. వానలు తగ్గాక ఆదివారం మొదలుపెట్టా. టాపెట్ కవర్ ప్యాకింగ్, ప్లగ్గు గొట్టం సీళ్ళు కలిపి సెట్‌గా దొరికాయి. కవర్ విప్పడానికి భయమేసి తెలిసిన కుర్రాణ్ణి పిలిచా. ఈసారి పక్కనే నిలబడి చూశా. పాత సీళ్ళు చేత్తో వంచితే పటుక్కున విరిగాయి. బూటు విడిగా రాజమండ్రిలో దొరికింది. ప్లగ్గులు మూడూ నేనే బిగించా, వేళ్ళతో మొదలుపెట్టి, అర చుట్టు. ఒక పది నంబరు బోల్టు జారింది, గిన్నె ఉంది కదా అనుకునేలోపే. చీపురు పుల్లకి అయస్కాంతం కట్టి బయటికి తీసేసరికి గంట పట్టింది.

అన్నీ కలిపి రెండు వేల మూడు వందలు. కోడు చెరిపేశా, మూడు వారాలైంది, మళ్ళీ రాలేదు. నిన్న పొద్దున కుండపోత వానలో ముక్తేశ్వరం దాకా వెళ్ళొచ్చా, నిలబెట్టినా వణుకు లేదు.

ఒకటి మాత్రం తేలలేదు. ఆ రెండో ప్లగ్గు పింగాణీ మీద గీత ముందు పడి, ఆయిల్ తర్వాత వచ్చిందా? లేక ఆయిల్ వల్లే గీత పడిందా?

గ్రీజుచేతులు
ప్లగ్గు ఉందా పారేశావా? ఉంటే నట్టు పైన పింగాణీ చుట్టూ చూడు. అడ్డంగా సన్నటి చిట్లు ఉంటే, చివరిసారి బిగించినవాడు సాకెట్ వంకరగా పెట్టాడు. లేకపోతే ఆయిల్ తాగి రబ్బరు ఉబ్బి పింగాణీని వదిలేసింది, ఆ సందులోంచి కరెంటు పారింది.

కోనసీమ_వ్యాగన్
ఉంది, కిటికీలో పెట్టా. అడ్డంగా చిట్లు ఏమీ లేదన్నా. పెన్సిల్ పొడి రుద్ది మరీ చూశా.

గ్రీజుచేతులు
అయితే ఆయిలే. మిగతా రెండు గుంటలు కూడా ఆరు నెలలకోసారి టార్చి వేసి చూసుకో.

పద్మిని_ప్రియుడు
ఆ అయస్కాంతం, చీపురు పుల్ల కిటుకు నేను రాసుకున్నా బాబూ. ఎవరి దగ్గరైనా పద్మినికి సరిపడే రోటర్ (డెల్కో లోపల తిరిగే ముక్క) ఉంటే చెప్పండి. నాది అంచున పగిలింది, ప్రస్తుతానికి అంటించి నడుపుతున్నా.